పూటకూళ్ళ ఇంటినుండి బాటప్రక్క హోటలు వరకు

ఇంటిలో పొయ్యి వెలుగుచుండగా వీధినిబడి, వెలయిచ్చి విస్తరి వేయించుకొని భుజించుట మన పూర్వులకు ముచ్చటయైన పని కాదు. అట్లు తినవలసి వచ్చినవాడు బాటసారియో, వ్యాజ్యమునకై పట్టణమునకు వచ్చిన కక్షిదారుడో, చదువుకొను పిల్లవాడో, ఇల్లాలు లేని ఒంటరివాడో అయి యుండెడివాడు. నేడు ఆదివారము సాయంకాలమున నరసన్నపేట వెలుపల, జాతీయ రహదారి ప్రక్కనున్న హోటళ్ళకు పోయి చూచినచో వేరొక దృశ్యము కనబడును. భార్యయు భర్తయు బిడ్డలును ముసలితల్లియు ఒక బల్లచుట్టు గూర్చుండి, ఆ పూట ఇంట వంట లేనందులకు సంతోషించుచు భుజించుచుందురు. ఆకలి తీర్చుకొనుటకు గాక వేడుకకై బయట తినుట మన సీమకు క్రొత్త. ఈ మార్పు వెనుక రుచుల కథ కొంతయు, కులముల కథ చాలయు, దిక్కులేని స్త్రీల కథ మరికొంతయు గలదు.

పూటకూళ్ళు అను మాట పాతది. కూడు అనగా అన్నము. దాని బహువచనము కూళ్ళు. పూటకింత అని వెలయిచ్చి తిను కూడు గనుక పూటకూడు. నేడు కూడు అను మాటను మోటుగా తలచి నలుగురిలో అనుటకు జంకుచున్నాము గాని, అది అచ్చమైన తెలుగుమాట. అందు తక్కువతనమేమియు లేదు. పదునైదవ శతాబ్దినాటి క్రీడాభిరామమున ఓరుగల్లు పట్టణపు పూటకూటియింటి భోజనము వర్ణింపబడినది. ఆ గ్రంథకర్త వినుకొండ వల్లభరాయడని కొందరు, శ్రీనాథుడేయని కొందరు వాదించిరి. ఆ వాదముతో మనకిప్పుడు పనిలేదు. లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూక యిచ్చినచో సన్నబియ్యపు టన్నము, గోధుమపిండి వంటకము, పంచదార, క్రొత్తగా కాచిన ఆవునేయి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు దొరకెడివట! ఈ వర్ణనమును విడిచి తెలుగువారి భోజనచరిత్రను వ్రాయుట కుదరదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇట్టి కావ్యములనే సాక్షులుగా నిలిపిరి. శాసనములు రాజుల దానములను చెప్పును గాని, వీధిలోని విస్తరిలో ఏమి వడ్డించిరో చెప్పవు గదా.

ఇక మన సీమకు వత్తము. నరసన్నపేట బాటమీది ఊరు. చెన్నపట్టణమునుండి కలకత్తాకు బోవు పాత రాజమార్గము ఈ ప్రాంతముననే వంశధారను దాటి ఉత్తరమునకు సాగును. ఇచ్చటనుండి ఒక త్రోవ శ్రీముఖలింగమునకు, ఒక త్రోవ పాతపట్నము మీదుగా పర్లాకిమిడికి పోవును. దక్షిణదేశమునుండి పూరీ జగన్నాథమునకు నడచిపోవు యాత్రికులు ఈ సీమను దాటియే పోవలెను. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, కాశికి బోయి, తిరుగుదారిలో జగన్నాథము చూచుకొని, గంజాము, శ్రీకాకుళముల మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. ఆయన వ్రాసిన కాశీయాత్రచరిత్రమున ప్రతి మజిలీయందును నీరు దొరకునా, అంగళ్ళు గలవా, దిగుటకు సత్రమో చావడియో యున్నదా అను విచారమే మొదట కనబడును. ఆనాటి ప్రయాణికునకు కావలసినది వండిన అన్నము కాదు, వండుకొనుటకు చోటు. బియ్యము, పప్పు, కట్టెలు కొనుక్కొని, తన కులమువాడే వండగా తినెడివాడు. సత్రములో అన్నమే పెట్టినను, అది ఎవరు వండిరి, ఎవరి పంక్తిలో కూర్చుండవలెను అను ప్రశ్న తప్పెడిది కాదు.

ఈ ప్రశ్న ఎంత క్రూరమైనదో తెలియవలెనన్నచో 1866 నాటి కరవును తలచుకొనవలెను. ఒరిస్సాలో లక్షలమంది ఆకలిచే మరణించిరి. గంజాము జిల్లాకును ఆ వాత తగిలినది. శ్రీకాకుళము తాలూకా ఆనాడు గంజాములోనిదే. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు గాని అది విశాఖపట్టణము జిల్లాలో చేరలేదు. ఆ కరవులో ప్రాణము నిలుపుకొనుటకై ఛత్రములలో పెట్టిన గంజి త్రాగిన ఒరియావారిని తరువాత వారి కులములవారు ఇండ్లకు రానీయలేదు. వెలియైన ఆ జనమంతయు ఛత్తరఖాయి, అనగా సత్రమున తిన్నవారు అను పేర ఒక వేరు కులమైపోయిరి. అదే దేశమున, అదే బాట చివర, పూరీలో జగన్నాథుని మహాప్రసాదమును ఒకరి చేతినుండి ఒకరు అందుకొని, పంక్తిభేదము పాటింపక తినుట పుణ్యమని తరతరములుగా నమ్మిరి! దేవుని పేర పంచినచో పవిత్రము, దొరతనమువారు పంచినచో పాతకము. మనుష్యుని ఆకలి రెండుచోట్లను ఒక్కటియే.

రైలుమార్గము వచ్చుటతో ఈ బాట కొన్నాళ్ళు వెలవెలబోయినది. ఈస్టుకోస్టు రైలు 1893కును 1896కును నడుమ పెక్కుభాగము నడకకు వచ్చినది. నౌపడానుండి పర్లాకిమిడికి చిన్నరైలు 1900లో పడినది. యాత్రికులు బండ్లు దిగి రైలెక్కిరి. నరసన్నపేటకు రైలు రాలేదు. తిలారు స్టేషనులో దిగి రావలసినదే. రైలు ప్రయాణమున వంటచేసికొను తీరిక లేదు. స్టేషనులో దొరకినది తినవలెను, లేదా మూట విప్పవలెను. పులిహోర, దధ్యోదనము, అటుకులు మూటలలో చాలకాలము వెంటవచ్చినను, ఎవరో వండినది తినుట అను అలవాటు మనకు మొదట గట్టిపడినది ఈ ప్రయాణములలోనే యని నా అభిప్రాయము.

పట్టణములలో మాత్రము పూటకూళ్ళ ఇండ్లు అంతకుముందే గలవు. మన సీమలోని పూటకూళ్ళ ఇంటిని గురజాడ అప్పారావుగారు శాశ్వతముగా నిలిపిరి. కన్యాశుల్కము 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెంపొందిన రూపమున మరల వెలువడినది. అందలి పూటకూళ్ళమ్మను చూచి మూడుతరములవారు నవ్విరి. సంతలో సామాను తెచ్చి పెట్టుదునని ఆమెవద్ద ఇరువది రూపాయలు పుచ్చుకొని గిరీశము మధురవాణి ఇంట ఖర్చుచేసెను. ఆమె చీపురుకట్టతో వెదకికొనుచు వచ్చుట చూచి మనకు నవ్వు వచ్చును. కాని లెక్క చూడుడు. ఆ కాలమున ఇరువది రూపాయలనగా చిన్నమొత్తము కాదు; పూటకింత అని విస్తరి వేసి కూడబెట్టిన సొమ్ము. మోసపోయినది ఆమె, పారిపోయినవాడు ఇంగ్లీషు మాటలాడు దొరబాబు. నాటకమున చీపురుకట్ట ఎత్తినందులకు ఆమెను గయ్యాళియనుట న్యాయము కాదు.

ఆమెవంటివారికి ఆ వృత్తి ఎందుకు పట్టినదో తెలిసికొనవలెను. ఆనాటి ధర్మశాస్త్రము చొప్పున ఉమ్మడికుటుంబములో భర్త పోయిన స్త్రీకి ఆస్తిలో భాగము లేదు, మనోవర్తి మాత్రమే. వితంతువివాహము చట్టసమ్మతమని 1856లోనే శాసనము వచ్చినను, వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వివాహము జరిపించునప్పటికి 1881 డిసెంబరు వచ్చినది. భర్త ఆస్తిలో వితంతువునకు పరిమితమైన హక్కునిచ్చు చట్టము 1937లోను, సంపూర్ణమైన హక్కునిచ్చు చట్టము 1956లోను గాని రాలేదు. ఈ నడుమ దిక్కుమాలిన బ్రాహ్మణ వితంతువునకు చేతనున్న విద్య ఒక్కటే, వంట. ఆమె వండినచో ఏ కులమువారైనను తినవచ్చును. ఆమెకు లోకమిచ్చిన ఏకైక మూలధనము అదియే. బంధువుల ఇండ్లలో ఉచితముగా వండి తిట్లు తినుటకంటె, చిన్న ఇల్లు అద్దెకు తీసికొని కోర్టు గుమాస్తాలకు, బడిపిల్లలకు వండిపెట్టి నాలుగు కాసులు చూచుట మేలని ధైర్యము చేసినవారే పూటకూళ్ళమ్మలు. మన చరిత్రలో స్త్రీ స్వయముగా లెక్కవ్రాసి నడిపిన వ్యాపారములలో దీనిని మొదటి వరుసలో పెట్టవలెను.

ఆ విస్తళ్ళ మాటకూడ చెప్పవలెను. కొండమీది సవరలు, జాతాపులు అడవినుండి తెచ్చు అడ్డాకులను పుల్లలతో కుట్టి విస్తళ్ళు చేయుదురు. ఏ కులమువారి విందైనను, ఏ పూటకూళ్ళ ఇల్లైనను ఈ సీమలో అడ్డాకు విస్తరితోనే నడచెడిది. ఆకును తెచ్చినవానిని మాత్రము పంక్తికి రానిచ్చెడివారు కారు.

ఇరువదవ శతాబ్ది తొలిపాదమున కాఫీ వచ్చినది. దానితో ఇడ్లీ, దోసె, ఉప్మాలు టిఫిను అను కొత్తపేరు ధరించి బల్లలమీదికెక్కినవి. ఉడిపివారు, తమిళ బ్రాహ్మణులు, వారిని చూచి మనవారును హోటళ్ళు పెట్టిరి. పూటకూళ్ళమ్మ తెలిసినవారికే వడ్డించెడిది; నెలకొకసారి లెక్క చూచెడిది. హోటలు గల్లాపెట్టెకు ఎవరైనను ఒకటే, అప్పుడే డబ్బు. ఇది ఒక విధమున స్వేచ్ఛ. కాని ఆ స్వేచ్ఛకు గడపయొద్దనే హద్దు గీచిరి. బ్రాహ్మణ హోటలు అని పేరు వ్రాయుట, లోపలి గది బ్రాహ్మణులకు, ముందు గది ఇతరులకు అని వేరుచేయుట ఆనాటి మర్యాద. హరిజనులకైతే లోపలికి రాకయే లేదు. వెలుపల నిలుచుండి, తన గ్లాసు తాను కడిగి పెట్టిపోవలెను. మాంసము వడ్డించు హోటళ్ళకు మిలిటరీ హోటళ్ళని పేరు పడినది. అవి ఊరిచివరనో సంతప్రక్కనో నడచెడివి; పెద్దమనుష్యులు పోయినను చెప్పుకొనెడివారు కారు. అచ్చట మాత్రము పంక్తిభేదము కొంత సడలియుండెననుట న్యాయము.

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము 15వ అధికరణమున దుకాణములు, హోటళ్ళు, భోజనశాలల ప్రవేశమును మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము కారణముగా ఎవరికిని నిరాకరింపరాదని స్పష్టముగా చెప్పినది. ఇంత గొప్ప శాసనమున కాఫీహోటలు మాట యేల అని కొందరికి తోపవచ్చును. ఊరిలో మనుష్యునకు అవమానము జరుగు చోటు ఏదియో ఎరిగినవారు వ్రాసినది గనుక. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము హోటలులోనికి రానీయకున్నను, అందలి పాత్రలను వాడనీయకున్నను ఆరుమాసములవరకు కారాగారమో, అయిదువందల రూపాయలవరకు జరిమానాయో, రెండునో విధించినది. 1976లో ఆ చట్టమును గట్టిపరచి పౌరహక్కుల రక్షణచట్టమని పేరు మార్చిరి. చట్టము రాగానే గోడలమీది అక్షరములు చెరిగినవి. టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి మాత్రము ఆ తరువాతను పెక్కుపల్లెలలో చాలకాలము నిలిచినది. దానిని తొలగించినది చట్టముతోపాటు, వెలుపల నిలువము అని బల్లముందు కూర్చున్న యువకుల పట్టుదలయే.

ఈలోగా బాట మరల బలపడినది. లారీలు, బస్సులు రైలెరుగని ఊళ్ళకు ప్రాణము పోసినవి. అయిదవ నంబరు జాతీయ రహదారియై, 2010 తరువాత పదునారవ నంబరు దాల్చిన ఈ త్రోవపై, కలకత్తానుండి వచ్చు లారీవాని కొరకు ధాబాలు వెలసినవి. రొట్టె, పప్పు, నులకమంచము వానితో వచ్చినవి. ధాబాలో కులమడుగువాడు లేడు. అడుగుటకు తీరికయు లేదు. స్త్రీలు మాత్రము అచ్చటికి పోలేదు. హోటలులో తెరకట్టి కుటుంబముల గది అని వేరు చేసిన పిదపనే ఇల్లాండ్రు లోపలికి వచ్చిరి. ఆ తెర మొదట మర్యాదకు గుర్తు. తరువాత హోటలువానికి ఆదాయము. ఇపుడు చాలచోట్ల తెరయే లేదు.

రహదారి వెడల్పు పెరిగి, వాహనములు ఊరిలోనికి రాకయే పోవుచుండగా హోటళ్ళును ఊరు విడిచి బాటప్రక్కకు చేరినవి. మడపాము సుంకపుద్వారము దాటిన ప్రయాణికుడు ఆగునది అచ్చటనే. అచ్చటి పట్టికలో హైదరాబాదు బిర్యానీ గలదు, పంజాబు రొట్టె గలదు, చీనా నూడుల్సు గలవు. ఆవపెట్టిన పనసపొట్టు కూరకై వెదకిన దొరకుట అరుదు. మరియొక విచిత్రము చెప్పెదను. ఈ సీమ రైతుకూలీ తరతరములుగా బ్రతికినది చోడి అంబలిమీద. బీదవాని తిండియని దానిని హోటలువాడు ఏనాడును ముట్టలేదు. ఆ చోళ్ళే నేడు రాగిసంకటి యని రాయలసీమ పేరు పెట్టుకొని, నాటుకోడి పులుసు ప్రక్కన, మంచి వెలకు బల్లమీదికి వచ్చుచున్నవి!

ఊరిలోపలి వీథులలో మాత్రము వేరొక వ్యాపారము సాగుచున్నది. కర్రీపాయింటు అని దానికి పేరు. రెండుపూటలను కూరలు, పప్పు, సాంబారు, పచ్చడి వండి పొట్లములలో అమ్ముదురు. కొనువారు ఇంట అన్నము మాత్రము వండుకొందురు. భార్యాభర్తలిరువురును ఉద్యోగములు చేయు ఇండ్లు, చదువుకొను పిల్లల గదులు, బిడ్డలు దూరదేశముననున్న వృద్ధులు దానికి ఖాతాదారులు. ఇట్టి అంగళ్ళలో పెక్కింటిని నడుపువారు స్త్రీలు. తెలిసినవారికి నెలకొకసారి లెక్క చూతురు. ఎవరి కులమేదియని పొట్లము కట్టునపుడు వారు అడుగరు. కూరలో ఉప్పు ఎక్కువైనచో మరునాడు కొనువాడే వచ్చి అడుగును.