స్కూబా ఫిన్లు

స్కూబా ఫిన్లు నీటి అడుగున ఈదేవారు పాదాలకు తొడుక్కునే వెడల్పాటి రబ్బరు లేదా ప్లాస్టిక్ రెక్కలు. ఫ్రెంచి నౌకాదళ అధికారి లూయీ ద కోర్లియో 1933లో వీటికి పేటెంట్ పొందాడు. 1940లో ఓవెన్ చర్చిల్ వీటిని అమెరికాలో అమ్మకానికి తెచ్చాడు.

మడమను కప్పే రకాన్ని ఒట్టి కాళ్లకు వేసుకుంటారు. పడవ నుంచి వెచ్చని నీటిలోకి దిగడానికి అది తేలిక. పట్టీతో బిగించే, మడమ తెరిచివుండే రకాన్ని బూట్లపై వేసుకుంటారు. విశాఖపట్నం రుషికొండలోలా ఒడ్డు నుంచి నడిచి దిగేచోట ఇదే మేలు.

గట్టి రెక్క ప్రవాహానికి ఎదురీదే బలమిస్తుంది, కానీ పిక్కలను అలసటకు గురిచేస్తుంది. చీలిన రెక్కతో శ్రమ తక్కువే అయినా వెనక్కి ఈదడం కష్టం. గుండ్లకమ్మ నదిపై విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు వంటి జలాశయాల్లో అడుగున ఒండ్రు పేరుకుంటుంది. అటువంటి నీటిలో కాళ్లను పైకీ కిందికీ ఆడిస్తే బురద లేచి చూపు ఆనదు. అందుకే అక్కడ కప్పలా పక్కలకు తన్నుతూ ఈదాలి; ఆ ఈతకు పొట్టి, గట్టి రెక్కలు అనువైనవి. మంచినీటి సాంద్రత సముద్రపు నీటికంటే సుమారు 2.5 శాతం తక్కువ. అందువల్ల మంచినీటిలో బరువైన రబ్బరు ఫిన్లు కాళ్లను మరింత కిందికి లాగుతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది కొలత: వదులైతే పాదాలు బొబ్బలెక్కుతాయి, బిగుతైతే కండరాలు పట్టేస్తాయి.