చేత్తో రాసిన కొండలు

కొండలెక్కడం మీద పుస్తకాలు రాశాడంటే ఏ ఎవరెస్టు వీరుడో అనుకుంటాం కదండీ! ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ మాత్రం మునిసిపల్ ఆఫీసులో జమాఖర్చులు చూసుకున్న మనిషి. కారు నడపడం కూడా రాదు. సెలవురోజున పాత కోటు తొడుక్కుని బస్సెక్కడం, కొండంతా తిరగడం, సాయంత్రం బస్సుకి ఇల్లు చేరడం. ఇంతే ఆయన సాహసం.

1907లో ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్‌లో పుట్టాడు. నేతమిల్లుల ఊరు. తండ్రి రాతిపని చేసేవాడు, వచ్చిన డబ్బు తాగుడికే. తల్లి ఇరుగుపొరుగుల బట్టలుతికి సంసారం లాక్కొచ్చింది. పదమూడో ఏట బడి మాని ఆఫీసు కుర్రాడిగా చేరిన ఆల్ఫ్రెడ్, తర్వాత తంటాలు పడి చదివి అకౌంటెంటయ్యాడు. 1930లో చుట్టాలబ్బాయితో కలిసి లేక్ డిస్ట్రిక్ట్ అనే సరస్సుల సీమకి వెళ్ళి, ఆరెస్ట్ హెడ్ అనే చిన్న గుట్ట ఎక్కాడు. పొగగొట్టాలు తప్ప ఎరగని కళ్ళకి నీళ్ళూ, వాటి వెనక కొండల వరసలూ కనిపించాయి. ఇక ఆ పిచ్చి వదల్లేదు. 1941లో జీతం తగ్గినా సరేనని ఆ కొండలకి దగ్గరగా ఉన్న కెండల్‌కి ఉద్యోగం మార్చుకున్నాడు. 1948లో అక్కడే ట్రెజరరయ్యాడు.

1952 నవంబరు 9న అసలు పని మొదలైంది. అక్కడి 214 కొండలకీ దారులు చెబుతూ ఏడు సంపుటాలు, పదమూడేళ్ళ ప్రణాళిక. అచ్చు అక్షరాలు లేవు. రాత, పటాలు, బొమ్మలు అన్నీ సొంత చేతి కలంతోనే. వంద పేజీల దాకా అయ్యాక, పంక్తుల కుడి అంచు ఎగుడుదిగుడుగా ఉందని అన్నీ పక్కన పారేసి మళ్ళీ మొదలెట్టాడు. ముగ్గులో ఒక్క చుక్క తప్పితే మొత్తం చెరిపేసేవాళ్ళుంటారే, ఆ బాపతు! మొదటి సంపుటం అచ్చుకి 950 పౌన్లయితే చేతిలో ఉన్నది 35. అమ్ముడైనకొద్దీ ఇవ్వమని ప్రెస్సువాళ్ళే సర్దుకున్నారు. 1955లో అది వచ్చింది. 1966లో ఏడోదీ వచ్చేసింది. లెక్కల మనిషి కదా, గడువుకి ఒక వారం ముందే ముగించాడు.

ఇక్కడే నాకు ఆగి చూడాలనిపిస్తుంది. పదమూడేళ్ళు సెలవులన్నీ కొండలమీద, సాయంత్రాలన్నీ బల్లముందు. మరి ఇంట్లో? ఇంట్లో రూత్ ఉంది. మిల్లులో నేతపని చేసే పిల్ల. 1931లో పెళ్ళయింది, ఒక్కడే కొడుకు. ఇద్దరికీ ఎన్నడూ పొసగలేదనీ, మాటలు కూడా తక్కువేననీ ఆయన జీవితచరిత్ర చెబుతుంది. వండిపెట్టి, ఇల్లు చక్కబెట్టి, ఆ మౌనాన్ని మోసింది ఆవిడే. ఆఖరి సంపుటం వచ్చాక, ఆయన రిటైరవబోతుండగా, రూత్ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. ఎంతో కోపం మీద కాదు, ఎంతో ఆలస్యంగా అనిపిస్తుంది నాకు. ఆ పుస్తకాల అందం నేను కాదనను. కానీ కొండకి వెళ్ళే ప్రతి దారినీ గుర్తుపెట్టుకున్నవాడికి ఇంట్లో పక్కగదికి దారి దొరకలేదు.

1970లో బెట్టీ అనే ఆవిణ్ణి పెళ్ళాడాడు. బెట్టీకి కారు నడపడం వచ్చు, బస్సుల బాధ తీరింది! అప్పటికే 1968లో పెన్నైన్ దారి మీద పుస్తకం వచ్చింది. దారి మొత్తం నడిచినవాళ్ళకి చివర్లో ఉన్న హోటల్లో బీరు తన ఖర్చన్నాడు. అన్నమాట ప్రకారం ఏళ్ళ తరబడి ఆ బిల్లు కట్టాడు. 1973లో సముద్రం నుంచి సముద్రానికి, ఇంగ్లండుకి అడ్డంగా 190 మైళ్ళ దారి ఆయనే కట్టి రాశాడు. పుస్తకాల రాబడిలో చాలావరకు దిక్కులేని కుక్కలకీ పిల్లులకీ పోయింది.

1991 జనవరిలో పోయాడు. చితాభస్మాన్ని బెట్టీ హేస్టాక్స్ కొండమీదికి తీసుకెళ్ళి, అక్కడి చిన్న చెరువు పక్కన చల్లింది. రెండువేల అడుగులైనా లేని కొండ అది. ఆయనకి అన్నిటికంటే ఇష్టమైనది అదేనట.