కరెంటు పెట్టించుకున్న అత్తయ్య, గోరగనమూడి స్వామీజీ



"కరెంటు పెట్టించారు" అనే మాట మీరు వినే వుంటారు. కాన్సరు వచ్చినవారికి ఆసుపత్రిలో ఇచ్చే రేడియేషన్ చికిత్సకు మన ఇళ్ళల్లో స్థిరపడిన పేరది. నిజానికి రోగి ఒంట్లోకి కరెంటేమీ వెళ్ళదు. అయినా మాట పోలేదు, దాంతోపాటు భయమూ పోలేదు.

మా పెద్దత్తయ్యకు గర్భసంచి ముఖద్వారం దగ్గర కాన్సరని తేలింది. పట్నం తీసుకువెళ్ళి, కోబాల్టు మిషను కింద ఐదారు వారాలు కరెంటు పెట్టించి, ఇంటికి తీసుకొచ్చారు. అప్పటికి నాకు పదమూడేళ్ళు. వీధరుగు పక్క గది ఆవిడకిచ్చారు. కంచం వేరు, గ్లాసు వేరు, బట్టలు ఉతకడం గూడా వేరే. పొరపాటున ఇంట్లో కంచాలతో కలిసిపోతుందేమోనని దానిమీద ఆవిడ పేరు చెక్కించారు. రెండేళ్ళ మనవణ్ణి ఆ గడప తొక్కనివ్వలేదు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు సుమండీ. "ఆ కిరణాలు ఒంట్లో వుంటాయిట, చంటిపిల్లాడికి తగుల్తాయిట" అని ఎవరో చెప్పారు, మిగతావాళ్ళు నమ్మారు. అత్తయ్య గూడా నమ్మింది. "వాడికేమన్నా అయితే నేను బతికి ఏం లాభం, నన్నిలాగే వుంచండి" అనేది.

కిరణం ఒక వస్తువులోకి వెళ్తే ఏమవుతుంది? ఎంత లోపల ఆగిపోతుంది, ఎంత బయటికి వస్తుంది, ఆగిపోయింది ఏమవుతుంది? మా అత్తయ్య గదికి జవాబు ఈ ప్రశ్నలోనే వుంది. చిత్రమేమంటే, ఇలాంటి ప్రశ్నల మీద జీవితం గడిపిన మనిషి ఒకాయన మా వూరికి కాస్త దూరంలోనే, భీమవరం దగ్గర గోరగనమూడిలో పుట్టారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ముందు కథ మొదట్నుంచీ చెబుతాను. 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ అనే ఆచార్యుడు చీకటిగదిలో పనిచేస్తూ, కంటికి కనబడని కొత్త కిరణాలను కనిపెట్టాడు. అవేమిటో తెలియక ఎక్స్ అని పేరు పెట్టాడు. ఆయన వెంటనే చేసిన పనేమిటో తెలుసాండీ? చేతికందిన వస్తువునల్లా ఆ కిరణాలకి అడ్డం పెట్టి చూశాడు. వెయ్యి పేజీల పుస్తకం, రెండు పేకకట్టలు, చెక్క, అల్యూమినియం రేకు. అన్నిట్లోంచీ దూసుకుపోయాయి. ఒకటిన్నర మిల్లీమీటర్ల సీసం పలక మాత్రం దాదాపు పూర్తిగా ఆపేసింది. డిసెంబరులో భార్య చేతిని అడ్డం పెట్టించాడు. ఎముకలూ, వేలి ఉంగరమూ నీడలుగా పడ్డాయి. ఆ ఫోటో ప్రపంచమంతా తిరిగింది.

ఉత్సాహంలో జాగ్రత్త మరిచారు. మిషను బాగా పనిచేస్తోందా లేదా అని రోజూ తమ చేతినే అడ్డం పెట్టి చూసుకున్నవారు ఎందరో. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ అలాగే చేతులు పోగొట్టుకుని 1904లో చనిపోయాడు. కిరణం మందూ అవుతుంది, విషమూ అవుతుంది. ఏదవుతుందన్నది మోతాదు మీద వుంది. మోతాదు తెలియాలంటే కొలవాలి. ఆ కొలిచేవాళ్ళ కథే నేను చెప్పబోయేది.

రాంట్‌జెన్ కిరణాలను కనిపెట్టిన మరుసటి ఏడే, 1896లో, గోరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు పుట్టారు. నరసాపురం టేలర్ హైస్కూల్లో చదివారు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్ళి, స్వామి జ్ఞానానంద అయ్యారు. ఏళ్ళ తరబడి యోగసాధన చేశారు. ఇక్కడితో ఆగిపోతే అలాంటి స్వాములు మన దేశంలో చాలామందే వున్నారు. 1927లో ఆయన జర్మనీ వెళ్ళారు. అక్కడ యోగం మీద ఉపన్యాసాలిస్తూ, భౌతికశాస్త్రం వైపు తిరిగారు. ముప్ఫై దాటిన సన్యాసి మళ్ళీ విద్యార్థి అయ్యారన్నమాట!

తరువాత ప్రేగ్ నగరంలో చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్‌రేల వర్ణపటం మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. ప్రతి మూలకానికీ తనదంటూ ఒక ఎక్స్‌రే వుంటుంది, మనుషులకు వేలిముద్రలున్నట్టు. రాగిదొకటి, సీసానిదొకటి. ఆ తేడాలను కొలవడం చాలా నేర్పుతో కూడిన పని. అక్కణ్ణుంచి ఇంగ్లండులో లివర్‌పూల్ వెళ్ళి, 1932లో న్యూట్రాన్‌ను కనిపెట్టిన ఛాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పనిచేశారు. తరువాత అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయం. బీటా కిరణాలంటే పరమాణు గర్భంలోంచి దూసుకువచ్చే ఎలక్ట్రాన్లు. కొలిచే పెట్టెలో కాస్త గాలి మిగిలినా ఆ గాలి అణువులకు కొట్టుకుని వాటి దారి చెడిపోతుంది. అందుకని గాలి మొత్తం తోడెయ్యాలి. అదెలాగో చెబుతూ ఆయన రాసిన 'హై వాక్యువా' అనే పుస్తకం 1947లో అచ్చయింది. మనవాళ్ళు ఆయన సన్యాసాన్ని గురించే ఎక్కువ చెప్పుకుంటారు. నాకు మాత్రం గాలి తోడే పంపుల గురించి ఓపిగ్గా పుస్తకం రాసిన స్వామే ఎక్కువ గొప్పగా కనిపిస్తారు.

స్వతంత్రం వచ్చాక ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేసి, 1950ల నడుమ విశాఖపట్నం వచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ శాఖను నిలబెట్టారు. 1969లో పోయారు. ఆ ప్రయోగశాలలకు ఇప్పుడు ఆయన పేరే వుంది.

ఆ శాఖలో 1960లలో ఆయనా, వి. లక్ష్మీనారాయణ గారూ, తరువాతి శిష్యులూ గామా కిరణాలు ఏ లోహంలో ఎంత ఆగుతాయో కొలిచారు. పద్ధతి చూస్తే మనకీ అర్థమవుతుంది. ఒక వైపు గామా కిరణాలిచ్చే పదార్థం, ఎదురుగా లెక్కపెట్టే యంత్రం. అడ్డం ఏమీ లేకుండా ఒకసారి లెక్క. ఒక పలక అడ్డం పెట్టి మళ్ళీ లెక్క. ఇంకో పలక, మళ్ళీ లెక్క. ఆత్రేయపురం పూతరేకుల్లా పొర మీద పొర. తమాషా ఏమిటంటే కిరణాలు ఏ పలక దగ్గరా ఒక్కసారిగా ఆగిపోవు. కోబాల్టు కిరణాలకి సుమారు 12 మిల్లీమీటర్ల సీసం అడ్డం పెడితే సగం మిగుల్తాయి. ఇంకో 12 పెడితే సగంలో సగం. అలా ఐదు పొరలు పెడితే ముప్ఫైరెండో వంతు. అమెరికా ప్రమాణాల సంస్థలో జాన్ హబ్బెల్ అనే శాస్త్రజ్ఞుడు ప్రపంచంలో ఎక్కడెక్కడ చేసిన ఇలాంటి కొలతలనో పోగుచేసి పట్టికలు వేశాడు. ఆయన సేకరించినవాటిలో విశాఖపట్నం కొలతలు గూడా వున్నాయి. ఆసుపత్రి గది గోడ ఎంత మందం వుండాలో, రోగికి ఎంతసేపు మిషను పెట్టాలో లెక్కవేసేవారికి ఇలాంటి పట్టికలే ఆధారం.

ఆసుపత్రి అన్నాక ఇంకొక తెలుగువారిని చెప్పకుండా వుండలేను. మదనపల్లెకు చెందిన రామయ్యనాయుడు గారు పారిస్‌లో మేడమ్ క్యూరీ ప్రయోగశాలలో పనిచేశారు. పొలోనియం నుంచి వచ్చే ఆల్ఫా కిరణాలు వాయువుల్లో ఎలా ఆగుతాయో చూశారు. 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి తెరిచాక, అక్కడ రేడియం నుంచి రేడాన్ వాయువు తీసి చికిత్సకు ఇచ్చే ఏర్పాటు చేశారు. మన దేశంలో వైద్యశాలలో అడుగుపెట్టిన తొలి భౌతికశాస్త్రజ్ఞుల్లో ఆయనొకరు. 'అనురాధ' సినిమాలో నటించిన లీలానాయుడు ఆయన కూతురే. ఆవిడ పేరు తెలిసినంతగా తండ్రి పేరు మనకు తెలియదు, కదూ?

ఇక మా అత్తయ్య సంగతి. ఫోటో తీసే ఎక్స్‌రే కొంచెం బలహీనమైన కిరణం. పరమాణు సంఖ్య రెట్టింపైతే దాన్ని పట్టి మింగే శక్తి దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే సున్నమున్న ఎముక తెల్లగా పడుతుంది, మాంసం నీడలా పడుతుంది. ఆ గదిలో వాళ్ళు తొడుక్కునే ఏప్రన్‌లోని అర మిల్లీమీటరు సీసమే చాలా మటుకు ఆపేస్తుంది. అదే ఏప్రన్ కోబాల్టు కిరణాన్ని నూటికి మూడు పాళ్ళు ఆపితే గొప్ప. కోబాల్టు కిరణానికి ఎముకా మాంసమూ ఇంచుమించు ఒకటే. దాని దెబ్బ చర్మం మీద కాక, అర సెంటీమీటరు లోపల ఎక్కువ తగులుతుంది. వెనకటి ఎక్స్‌రే మిషన్లు చర్మాన్ని కాల్చేసేవి. 1951లో కెనడాలో కోబాల్టు చికిత్స మొదలయ్యాక ఆ బాధ చాలావరకు తగ్గింది. పదకొండు సెంటీమీటర్ల నీళ్ళు దాటేసరికి ఆ కిరణం సగమవుతుంది. మన ఒళ్ళూ దాదాపు నీళ్ళే గనక, లోతున వున్న గడ్డకు ఒకే వైపు నుంచి కాకుండా నాలుగు వైపుల నుంచీ పెడతారు. ఇప్పుడు చాలాచోట్ల కోబాల్టు బదులు లీనియర్ యాక్సిలరేటర్లు వచ్చాయి. లెక్క మాత్రం అదే తీరు.

ఆగిపోయిన కిరణం ఏమవుతుంది? ఎలక్ట్రాన్లను కదిలిస్తుంది, జీవకణాన్ని దెబ్బతీస్తుంది, చివరికి ఇసుమంత వేడిగా మారిపోతుంది. అంతే. ఏమీ మిగలదు. దీపం ఆర్పేశాక గోడమీద వెలుగు మిగులుతుందా? బయటి మిషను కింద చికిత్స చేయించుకున్న మనిషి పక్కన పడుకున్నా, ఆ కంచంలో తిన్నా, పిల్లాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకున్నా ఏమీ కాదు. థైరాయిడ్‌కి అయొడిన్ తాగించినప్పుడు సంగతి వేరు. అప్పుడు పదార్థమే ఒంట్లో వుంటుంది గనక, డాక్టరు చెప్పినన్ని రోజులు చంటిపిల్లలకీ గర్భిణులకీ దూరంగా వుండాలి.

మీకు గర్భం వచ్చిందనే అనుమానం వుంటే, ఎక్స్‌రే గదిలోకి వెళ్ళేముందే చెప్పండి. ఆ జాగ్రత్త గూడా కొలతలోంచే వచ్చింది. 1956లో ఇంగ్లండులో ఆలిస్ స్టూవర్ట్ అనే డాక్టరమ్మ, కాన్సరుతో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల్నీ, మామూలు తల్లుల్నీ అడిగించి చూసింది. కడుపుతో వున్నప్పుడు పొట్టకి ఎక్స్‌రే తీయించుకున్నవారు మొదటి గుంపులో రెట్టింపున్నారు. తోటి డాక్టర్లు చాలామంది ఏళ్ళ తరబడి నమ్మలేదు. తల్లులు చెప్పింది నిజమని తరువాత తేలింది.

నేను కాలేజీలో ఫిజిక్స్ తీసుకున్నాక ఇవన్నీ తెలిశాయి. సెలవులకి ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. "రెండేళ్ళయిందే" అంది చివరికి. ఆ సాయంత్రం అత్తయ్య కంచం తీసుకొచ్చి, తోమి, మా కంచాల మధ్య పెట్టింది. మనవణ్ణి తీసుకెళ్ళి ఆవిడ మంచం మీద కూచోబెట్టాను. వాడు కొత్తచేసి ఏడ్చాడు. అత్తయ్య వాణ్ణి ముట్టుకోలేదు, నా మొహంలోకి చూసి, "నిజంగా ఏం కాదంటావా?" అంది.