తాతయ్యల పక్కన ఏ జెండా పెట్టాలి?

పోయిన నెల అమెరికా నుంచి మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసింది. వంశవృక్షం తయారు చేస్తోందట. ఒక్కొక్కరి ఫోటో పక్కన వాళ్లు పుట్టిన దేశం జెండా బొమ్మ పెడుతోందట. "అత్తా, మనవాళ్లందరికీ మువ్వన్నెల జెండా పెట్టేశా, ఒకసారి చూడు" అంది. చూశాను. 1908లో తెనాలి దగ్గర పుట్టిన మావారి తాతయ్య పక్కనా, 1925లో ధర్పల్లిలో పుట్టిన మా తాత పక్కనా అశోకచక్రం ఉన్న జెండాయే. ఆ జెండాను ఆమోదించింది 1947 జులై 22న. వీళ్లిద్దరూ పుట్టేనాటికి అది లేదు కదమ్మా అన్నాను. "అయితే ఏది పెట్టాలో నువ్వే చెప్పు" అని పని నా నెత్తిన పెట్టింది.

నా పుట్టిల్లు ధర్పల్లి. మెట్టినిల్లు బోధన్ పక్క క్యాంపు. క్యాంపు అంటే మా జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తాను. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931కి పూర్తయింది. కాలువల కింద నల్లరేగడికి నీళ్లొచ్చాయి. 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. చెరకు, వరి పండించడం తెలిసిన కోస్తా రైతులు అక్కడ పొలాలమ్ముకుని ఇక్కడ కొనుక్కున్నారు. వాళ్లు గుడిసెలేసుకున్న చోట్లే క్యాంపులయ్యాయి. మావారి తాతయ్య 1936లో అలా వచ్చినవాడే.

ఇవాళ తెనాలి నుంచి బోధన్‌కి వస్తే ఒక రాష్ట్రం దాటినట్టు. అప్పుడది ఒక రాజ్యం దాటడం. అటు మద్రాసు ప్రెసిడెన్సీ, ఇంగ్లీషువాళ్ల పాలన. ఇటు నిజాం రాజ్యం, ఉర్దూ కచేరీలు. డబ్బు కూడా వేరే. అక్కడి రూపాయిని కల్దార్ అనేవారు, ఇక్కడిది హాలీ సిక్కా. నూరు కల్దార్లకు నూట పదహారు పైచిలుకు హాలీ రూపాయలు వచ్చేవి. (మనం చదివించే నూట పదహార్లు ఇక్కడినుంచే వచ్చాయని కొందరంటారు. నాకంత నమ్మకం లేదు.) సర్కారు ఉద్యోగం కావాలంటే ముల్కీ అయివుండాలి. బయటినుంచి వచ్చినవాళ్లకి పదిహేనేళ్ల నివాసం కావాలని 1919 నాటి నిబంధన.

అంటే లెక్క ప్రకారం మావారి తాతయ్య పక్కన యూనియన్ జాక్ పెట్టాలి. మా తాత పక్కన ఆసఫ్‌జాహీల పసుపు జెండా, మధ్యలో తెల్లటి గుండ్రంతో. ఆ గుండ్రం కుల్చా రొట్టె. మొదటి నిజాంకి ఒక సూఫీ గురువు కుల్చాలు పెడితే ఏడు తిన్నాడని, అందుకే ఏడు తరాలు ఏలతారని దీవించాడని కథ. ఏడుగురే ఏలారు మరి.

ఇదంతా చెప్పగానే మా అత్తయ్య చేతిలో బియ్యం చేట కింద పెట్టేసింది. "మా మామగారి పక్కన ఆ దొరల జెండానా? బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీగారికి జెండా ఇచ్చింది ఆయన చిన్నప్పుడే కదే! అదే పెట్టు" అంది. 1921 నాటి మాట నిజమే. కానీ అది ఉద్యమం జెండా, అప్పటికి ఏ ప్రభుత్వానిదీ కాదు.

మా అమ్మ దగ్గరికి పోతే ఇంకా గట్టిగా పడింది. "మా నాయినకు నిజాం జెండ పెడ్తవా? రజాకార్లకు భయపడి రాత్రిళ్లు చేన్ల పండుకున్నోడు. గా జెండ మనది గాదు బిడ్డా" అంది. అమ్మ మాటనీ తప్పనలేను. 1947 ఆగస్టు 15న ఈ రాజ్యంలో మువ్వన్నెల జెండా ఎత్తడమే నేరం. స్వామి రామానంద తీర్థని అరెస్టు చేశారు. తర్వాత దాశరథిగారిని బంధించింది మన ఇందూరు కోట జైల్లోనే. ఇక్కడికి ఆ జెండా నిజంగా వచ్చింది 1948 సెప్టెంబరు 17 తర్వాత.

రెండు రోజులు ఆలోచించాను. జెండా అనేది మనిషికి ఇష్టమైనదా, మనిషిని ఏలినవాళ్లదా? ఇష్టం అని రాసుకుంటూ పోతే చరిత్ర మనకు నచ్చినట్టు మారిపోతుంది. ఏలినవాళ్లది ఒక్కటే పెడితే వాళ్లు పడ్డ పాట్లు కనబడవు. ఇంకో సంగతి కూడా మనసులో మెదిలింది. పెళ్లయిన కొత్తలో నన్ను క్యాంపులో "తెలంగాణ పిల్ల" అనేవారు, మావారిని ధర్పల్లిలో "ఆంధ్రోళ్ల అల్లుడు" అనేవారు. అందరికీ ఒకే జెండా పెడితే ఎవరు ఎక్కడినుంచి ఏం వదులుకుని వచ్చారో నా పిల్లలకెలా తెలుస్తుంది?

చివరికి ఒక్కొక్కరికి రెండు పెట్టమన్నాను. పేరుకి ఎడమవైపు పుట్టిననాటిది, కుడివైపు పోయిననాటిది. కింద చిన్న అక్షరాల్లో ఊరు, అప్పటి రాజ్యం. తాతలిద్దరికీ ఎడమవైపు వేరు, కుడివైపు ఒకటే. ఇరాక్‌లో పనిచేసి వచ్చిన మా చిన్నాన్నకి ఆ దేశం జెండా పెడతానంది పిల్ల. వద్దన్నాను, ఆయన పుట్టిందీ పోయిందీ ఇక్కడే. పైగా ఆ జెండా అప్పటికీ ఇప్పటికీ ఎన్నిసార్లు మారిందో.

నిజామాబాద్‌లో ఫ్లెక్సీ కొట్టించి ఇంటికి తెచ్చాను. ఇద్దరూ కళ్లద్దాలు పెట్టుకుని పక్కపక్కన కూర్చుని చూశారు. అత్తయ్య పసుపు జెండా మీద వేలు పెట్టి, "మధ్యలో ఇదేంటి వదినగారూ, జొన్నరొట్టా?" అంది.

"కుల్చానట. మా నాయిన తిన్నది జొన్నరొట్టెనే" అంది అమ్మ.