ఈయూలో అసలు బాస్ ఎవరు? ఐఫోన్‌ ఛార్జర్‌నే మార్పించిన పవర్ ఎవరి చేతిలో ఉందంటే..

ఐఫోన్‌కి కూడా ఇప్పుడు టైప్-సీ ఛార్జరే. 2023లో వచ్చిన ఐఫోన్ 15తో యాపిల్ తన సొంత లైట్నింగ్ పోర్ట్‌ని పక్కన పెట్టేసింది. ఆ పరిస్థితి తెచ్చింది 27 దేశాల కూటమి యూరోపియన్ యూనియన్ చేసిన చట్టం. అయితే ఈ కూటమికి మనలా ఒక ప్రధాని, ఒక కేబినెట్ ఉండవు. మరి చట్టం ఎవరు చేస్తారు? ఆ ఛార్జర్ నడిచిన దారి చూస్తే లెక్క ఈజీగా తెలిసిపోతుంది.

మొదటి అడుగు కమిషన్‌దే

బ్రస్సెల్స్ కేంద్రంగా పనిచేసే యూరోపియన్ కమిషన్‌లో దేశానికి ఒకరు చొప్పున 27 మంది ఉంటారు. 2019 నుంచి ఉర్సులా వాన్ డెర్ లేయన్ దీనికి ప్రెసిడెంట్. దాదాపు అన్ని విషయాల్లో కొత్త చట్టాన్ని ప్రతిపాదించే హక్కు దీనికే ఉంది. పార్లమెంట్‌కి కూడా లేదు. ఎన్నికైన ఎంపీలే బిల్లు పెట్టలేకపోవడం మనకు విచిత్రంగానే అనిపిస్తుంది. కంపెనీలు వాటంతట అవే ఒకే ఛార్జర్‌కి వస్తాయని 2009 నుంచి చూసిన కమిషన్, పని పూర్తిగా జరగకపోవడంతో 2021 సెప్టెంబర్‌లో చట్టం ప్రతిపాదించింది.

ఇద్దరూ ఓకే అనాల్సిందే

ఆ తర్వాత బంతి రెండు సభల కోర్టులోకి వెళ్లింది. ఒకటి, ప్రజలు ఐదేళ్లకోసారి నేరుగా ఎన్నుకునే 720 మంది సభ్యుల పార్లమెంట్. 2022 అక్టోబర్‌లో అప్పటి సభలో 602 మంది ఛార్జర్ చట్టానికి ఓటేశారు. రెండోది, సభ్యదేశాల మంత్రులు కూర్చునే కౌన్సిల్. వ్యవసాయం మీద చర్చ అయితే వ్యవసాయ మంత్రులు, ఆర్థికం అయితే ఆర్థిక మంత్రులు వస్తారు. ఇక్కడ చాలా బిల్లులు గట్టెక్కాలంటే కనీసం 15 దేశాలు ఒప్పుకోవాలి, వాటి జనాభా మొత్తం ఈయూలో 65 శాతం ఉండాలి. అదే నెలలో కౌన్సిల్ కూడా సై అంది. 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లకు రూల్ అమల్లోకి వచ్చింది.

పేర్ల గందరగోళం

మంత్రుల కౌన్సిల్ వేరు, యూరోపియన్ కౌన్సిల్ వేరు. రెండోది ప్రధానులు, అధ్యక్షుల వేదిక. ఇది చట్టాలు చేయదు, ఏ దారిలో వెళ్లాలో చెబుతుంది. దీనికి ఇప్పుడు అధ్యక్షుడు ఆంటోనియో కోస్టా, ఆయన తండ్రి వైపు మూలాలు మన గోవాలోనే. ఇక 46 దేశాల కౌన్సిల్ ఆఫ్ యూరప్‌కి ఈయూతో సంబంధమే లేదు. పేర్లు పెట్టినవాళ్లు కాస్త ఆలోచించి ఉండాల్సింది!

అసలు చిక్కంతా ఏకాభిప్రాయం దగ్గరే వస్తోంది. విదేశాంగ విధానం, పన్నుల్లాంటి వాటిలో ఒక్క దేశం అడ్డం తిరిగినా పని ఆగిపోతుంది. ఉక్రెయిన్‌కి 5,000 కోట్ల యూరోల సాయాన్ని 2023 డిసెంబర్‌లో హంగరీ ఒక్కటే అడ్డుకుంది. మిగతా 26 దేశాలూ రెడీగా ఉన్నా, 2024 ఫిబ్రవరి 1 దాకా ఆగాల్సి వచ్చింది. యుద్ధంలో ఉన్న దేశానికి అది చిన్న ఆలస్యం కాదు.

కోర్టు మాటే ఫైనల్

లక్సెంబర్గ్‌లోని ఈయూ న్యాయస్థానం ఎంత బలమైనదో యాపిల్‌ని అడిగితే తెలుస్తుంది. ఐర్లాండ్ ఆ కంపెనీకి అక్రమంగా పన్ను రాయితీలిచ్చిందని, దాదాపు 1,300 కోట్ల యూరోలు వసూలు చేయాలని 2016లో కమిషన్ ఆదేశించింది. తమాషా ఏంటంటే.. ఆ డబ్బు మాకొద్దంటూ ఐర్లాండే కోర్టుకెళ్లింది! 2020లో కింది కోర్టులో గెలిచింది కూడా. కానీ 2024 సెప్టెంబర్‌లో పై కోర్టు కమిషన్‌నే సమర్థించింది.

వడ్డీ రేట్ల సంగతి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ చూసుకుంటుంది. మనకు ఆర్‌బీఐ లాగా అన్నమాట. కాకపోతే యూరో వాడే దేశాల వరకే.

మనకేంటి సంబంధం?

ఆంధ్రా రొయ్యల రైతులకు బాగానే తెలుసు. యాంటీబయాటిక్ అవశేషాల భయంతో 2016లో కమిషన్ భారత్ నుంచి వచ్చే సాగు రొయ్యల తనిఖీలను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అంటే ప్రతి రెండు సరుకుల్లో ఒకటి యూరప్ సరిహద్దులో పరీక్షకు ఆగాల్సిందే.