నల్లమల అవతలి నవాబు

గిద్దలూరు నుంచి నంది కనుమ ఎక్కి దిగితే నంద్యాల. 1839 దాకా అదంతా కర్నూలు నవాబు సీమ. ఇవతలి గిద్దలూరు, కంభం, మార్కాపురం మాత్రం 1800లోనే నిజాం చేతి మీదుగా ఈస్టిండియా కుంపిణీకి పోయి, కడప కలెక్టరు కింద ఉండేవి. ఆ కుంపిణీకే ఏటా లక్ష రూపాయల పేష్కష్ (కప్పం) కట్టుకుంటూ పఠాన్ నవాబులు కొండ మాటున దాదాపు నలభై ఏళ్లు నెట్టుకొచ్చారు.

వారిలో చివరివాడు గులాం రసూల్ ఖాన్. 1839లో హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా మీద వహాబీ కుట్ర నేరం మోపినప్పుడు ఆ తీగ కర్నూలు దాకా సాగింది. కుంపిణీ దొరలు వచ్చి కోట చూపించమన్నారు. చూపించాడు. పైపైన ఏమీ కనపడలేదు. పట్టుబట్టి వెతికితే ఆడవాళ్లుండే జనానాలోనే ఫిరంగులు పోతపోసే కొలుములు, గుండ్లు, మందుగుండు బయటపడ్డాయి. అంత సరంజామా పోగేసి, ఒక్క గుండు పేల్చకుండా కోట అప్పగించడమేమిటో!

అక్టోబరు 18న తుంగభద్ర ఒడ్డున జోహరాపురం దగ్గర పోరు జరిగింది. పోరాడింది నవాబు కాదు, ఆయన కొలువులోని అరబ్బులు, రోహిల్లాలు, పఠాన్లు. జీతాల బాకీ తీర్చందే కదలనివ్వమని నవాబునే అట్టిపెట్టుకున్న సిపాయిలు వాళ్లు. కుంపిణీ నవాబును తిరుచిరాపల్లికి పంపించింది. మరుసటేడు అక్కడే సొంత నౌకరు చేతిలో కత్తిపోటుకు చచ్చిపోయాడు.

నవాబు కోట పోగొట్టుకున్న 1839లోనే, ఎక్కడో కాకసస్ కొండల్లో, దాగిస్తాన్, చెచెన్యా జనాన్ని కూడగట్టి ఇస్లాం రాజ్యం నడుపుతున్న ఇమాం షామిల్‌ను రష్యా సైన్యం అఖుల్గోలో దాదాపు మూడు నెలలు ముట్టడించింది. షామిల్ కొడుకును బందీగా ఇచ్చుకున్నాడు, కోటా పోగొట్టుకున్నాడు. అయినా రాత్రికి రాత్రి తప్పించుకుని మరో ఇరవై ఏళ్లు జారు సైన్యాలను ముప్పుతిప్పలు పెట్టాడు. 1859లో గునీబ్‌లో గానీ లొంగలేదు. ఆయనకు కొండా ఉంది, కొండ మనుషులూ ఉన్నారు. మన నవాబుకు నల్లమల ఉండనే ఉంది, కానీ ఆయన నమ్ముకున్నది ఫిరంగులనూ జీతగాళ్లనూ.

నల్లమలను నమ్ముకున్నవాడు ఏడేళ్ల తర్వాత వచ్చాడు. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంపిణీ మీద తిరగబడి, కోవెలకుంట్ల ఖజానా కొట్టి, బోయలనూ చెంచులనూ వెంటబెట్టుకుని గిద్దలూరు, కంభం వైపు దిగాడు. ఫిరంగి లేదు, కొలువూ లేదు. అయినా అక్టోబరు దాకా చిక్కలేదు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు.

నవాబు ఉన్నన్నాళ్లూ కొండకు ఇవతలే ఉండిపోయిన కంభం, మార్కాపురం తాలూకాలను 1858లో కొత్త కర్నూలు జిల్లాలో కలిపారు. కచేరీ పనులకు ఇక్కడివాళ్లు కనుమ దాటడం అప్పుడు మొదలై, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా సాగింది.