ఉప్పల్ స్టేడియం - విదేశీ విలేకరులు

హైదరాబాద్ తూర్పున ఉప్పల్‌లో ఉన్న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం, మ్యాచ్‌ల కోసం వచ్చే విదేశీ విలేకరులకు బాగా తెలిసిన చోటు. 2005 నవంబర్ 16న భారత్, దక్షిణాఫ్రికా వన్డేతో ఇక్కడ అంతర్జాతీయ క్రికెట్ మొదలైంది. తొలి టెస్టు 2010 నవంబర్‌లో న్యూజిలాండ్‌తో జరిగింది. విలేకరులు పంపే కథనాల మీద ఊరి పేరు మాత్రం 'హైదరాబాద్' అనే పడుతుంది. ఉప్పల్ చౌరస్తా గానీ, పక్కనే ఉన్న నాచారం పారిశ్రామికవాడ గానీ, అక్కడి ఈఎస్ఐ ఆసుపత్రి గానీ ఆ కథనాల్లో కనిపించడం అరుదు. హోటల్ నుంచి ప్రెస్ బాక్స్‌కు, ప్రెస్ బాక్స్ నుంచి హోటల్‌కు తిరిగే విలేకరికి ఊరు చూసే తీరిక దొరకదు. డిజిటల్ కాలం వచ్చాక ఆ కాస్త తీరిక కూడా పోయింది.

అంతకుముందు నగరంలో పెద్ద మ్యాచ్‌లు లాల్ బహదూర్ స్టేడియంలో జరిగేవి. 1987 ప్రపంచ కప్‌లో న్యూజిలాండ్ జింబాబ్వేపై మూడు పరుగుల తేడాతో గట్టెక్కిన మ్యాచ్ అక్కడిదే. ఆ రోజుల్లో విదేశీ విలేకరి టైప్‌రైటర్ మీద కథనం కొట్టి టెలెక్స్‌లోనో ప్రెస్ టెలిగ్రామ్‌గానో పంపేవాడు. లేదా ట్రంక్ కాల్ బుక్ చేసుకుని అవతలి డెస్క్‌కు చదివి రాయించేవాడు. పంపడమే పెద్ద శ్రమ. కానీ రోజుకు ఒక్క కథనం రాస్తే సరిపోయేది. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ ఇంటర్నెట్‌ను జనానికి అందించింది. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రామ్ సేవ ఆగిపోయింది.

ఇప్పుడు పంపడం క్షణాల పని. రాయడానికి మాత్రం అంతే లేదు. 2024 జనవరి 25న ఉప్పల్‌లో మొదలైన భారత్, ఇంగ్లండ్ టెస్టునే తీసుకుందాం. ఇక్కడ ఉదయం తొమ్మిదిన్నరకు తొలి బంతి పడేసరికి లండన్‌లో తెల్లవారుజాము నాలుగు గంటలు. సాయంత్రం నాలుగున్నరకు ఇక్కడ ఆట ఆగితే అక్కడ పదకొండు. వెనకటి పద్ధతిలోనైతే మర్నాటి పత్రికకు రాయడానికి బోలెడంత సమయం ఉన్నట్టే. కానీ వెబ్‌సైట్ మర్నాటి దాకా ఆగదు. లైవ్ బ్లాగ్, ఆట ముగిసిన నిమిషాల్లో తొలి కథనం, ప్రెస్‌మీట్ వార్త, ఫోన్‌లో తీసిన చిన్న వీడియో, పాడ్‌కాస్ట్, చివరికి పత్రికకు విశ్లేషణ: వీటిలో చాలావరకు ఒక్క మనిషి మీదే పడుతున్నాయి. ఆ టెస్టులో 190 పరుగుల ఆధిక్యం సాధించిన భారత్‌ను ఓలీ పోప్ 196 పరుగులు, టామ్ హార్ట్‌లీ ఏడు వికెట్లు ఓడించాయి. 28 పరుగుల తేడాతో నాలుగో రోజే మ్యాచ్ ముగిసింది. అలాంటి ఆటను నిదానంగా రాయాలి. హడావిడి రాతలో మొదట జారిపోయేది ఆ నిదానమే.

పంపడం సులువైనా రావడం సులువు కాలేదు. 2023 ప్రపంచ కప్ దీన్ని కళ్లకు కట్టింది. ఏడేళ్ల తర్వాత భారత్‌లో అడుగుపెట్టిన పాకిస్తాన్ జట్టు మొదట దిగింది హైదరాబాద్‌లోనే. అక్టోబర్ 6న నెదర్లాండ్స్‌తో, 10న శ్రీలంకతో ఉప్పల్‌లో ఆడింది. ఆ దేశపు విలేకరుల్లో చాలామందికి అప్పటికి వీసాలు రాలేదు. 10న శ్రీలంక 344 పరుగులు చేస్తే, అబ్దుల్లా షఫీక్ 113, మహ్మద్ రిజ్వాన్ అజేయంగా 131 కొట్టి గెలిపించారు. ప్రపంచ కప్‌లో అంత పెద్ద ఛేదన అంతకుముందు లేదు. పాకిస్తాన్ అభిమానులు పెద్దగా లేని మైదానంలో హైదరాబాదీలు ఆ జట్టును ఉత్సాహపరిచారు. కెప్టెన్ బాబర్ ఆజమ్ ఆ ప్రేక్షకులకు ధన్యవాదాలు చెప్పాడు.

మర్నాడు రిజ్వాన్ ఆ గెలుపును గాజా ప్రజలకు అంకితమిస్తూ ఎక్స్‌లో రాశాడు. ఏ విలేకరీ అడగలేదు, ఏ డెస్కూ దిద్దలేదు. ఆ పోస్టే ప్రపంచమంతా వార్తయింది. మైదానం బయటి విషయం తమ పరిధిలోకి రాదని అంతర్జాతీయ క్రికెట్ మండలి (ఐసీసీ) చెప్పింది. స్కోరు, వీడియో, పోస్టు లాహోర్‌లో కూర్చున్నవారికీ అందుతాయి. తమ జట్టును ఈ ఊరివాళ్లు ఎందుకు అంతగా ఆదరించారో స్టాండ్స్‌లోని మనిషిని అడిగి తెలుసుకోవాలంటే మాత్రం ఇక్కడ ఉండాల్సిందే. ఆ రాత్రి ఉప్పల్‌లో పుట్టిన అసలు కథ అదే. రాయాల్సినవాళ్లలో ఎక్కువమంది సరిహద్దు అవతలే ఉండిపోయారు. అక్టోబర్ 17న పాకిస్తాన్ బోర్డు వీసాల జాప్యంపై ఐసీసీకి నిరసన తెలిపింది.

డిజిటల్ కాలం తెచ్చిన మరో చిక్కు పాత రాతలది. ఐసీసీ డిజిటల్ బృందంతో వచ్చిన పాకిస్తానీ వ్యాఖ్యాత జైనబ్ అబ్బాస్ పాత పోస్టులు బయటపడి దుమారం రేగడంతో, టోర్నీ మొదలైన కొద్ది రోజులకే దేశం విడిచి వెళ్లారు. తనను ఎవరూ పొమ్మనలేదని, ఆ పోస్టులు నొప్పించినందుకు చింతిస్తున్నానని తర్వాత చెప్పారు.

వీసాల సంగతికి వస్తే, విదేశీ విలేకరులు భారత్‌లో పనిచేయాలంటే జె వీసా తీసుకోవాలి. 2021 మార్చి నుంచి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డున్నవారికీ పాత్రికేయ పనికి ప్రత్యేక అనుమతి తప్పనిసరి. అంటే అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగు విలేకరి నాచారంలోని తన పుట్టింటికి ఎప్పుడైనా రావచ్చు గానీ, పక్కనే ఉన్న స్టేడియం నుంచి వార్త రాయాలంటే ముందు అనుమతి తెచ్చుకోవాలి.

టోర్నీ తేదీలు ముందే ఖరారవుతాయి, విలేకరుల అక్రెడిటేషన్ దరఖాస్తులూ ముందే చేరతాయి. కాబట్టి ఆటగాళ్లతోపాటే విలేకరుల వీసాలనూ తొలి బంతికి ముందే తేల్చేలా ప్రభుత్వం, క్రికెట్ బోర్డు, ఐసీసీ కలిసి గడువు పెట్టుకోవాలి.